"నేను" అన్నది ఎవరు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఇంగ్లీషు సారువి కదా, ఇంగ్లీషు మీదే ఏదైనా మాట్లాడు" అన్నారు నిర్వాహకులు. ఇచ్చింది పది నిమిషాలు. అందుకని ఒక చిన్న సంగతి తెచ్చుకున్నాను. ఇంగ్లీషులో ఒకరి మాటను రాసేటప్పుడు అటూ ఇటూ పెట్టే ఇన్వర్టెడ్ కామాలు. నవ్వకండి. అవి పెట్టకపోవడం వల్ల ఒక మనిషి రెక్కల కష్టానికి ఏమైందో చెప్తాను. పెట్టనిది నేనే.

ముందు మన దేవరగట్టు దగ్గరికి వస్తాను. దసరా రాత్రి మాళ మల్లేశ్వరస్వామి కల్యాణం, ఆ తర్వాత బన్ని, తెల్లవారుజామున కార్ణీకం. వానలెట్లుంటాయి, పంటలెట్లుంటాయి, ధరలెట్లుంటాయి అని పూజారి నోట వచ్చే నాలుగు మాటల కోసం రాత్రంతా కాచుకుంటాం. కార్ణీకం విన్న మనిషి ఊరికొచ్చి ఏమంటాడు? "ఈ యేడు పత్తికి ధర ఉంటుందంట" అంటాడు. కిటుకంతా ఆ "అంట"లో ఉంది. ఈ మాట నాది కాదు, ఇంకొకరిది అని ఆ ఒక్క ముక్క చెప్పేస్తుంది.

తెలుగులో "అని", "అంట". 1953 దాకా మన ఆలూరు, ఆదోని తాలూకాలు బళ్లారి జిల్లాలోవే కాబట్టి మనలో చాలామందికి కన్నడం కూడా వచ్చు. అక్కడ "అంత". సంస్కృతంలో "ఇతి". మన భాషలకు కొటేషన్ మార్కు నోట్లోనే ఉంది. తాటాకుల మీద ఈ గుర్తులు లేకపోయినా పని జరిగింది అందుకే.

ఇంగ్లీషువాళ్లకూ ఇవి మొదటినుంచీ ఉన్నవి కావు. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్లో కొటేషన్ మార్కులు లేవు. 18వ శతాబ్దంలో నవలలు పెరిగి, పాత్రలు పేజీల కొద్దీ మాట్లాడటం మొదలయ్యాక గానీ ఆ అలవాటు గట్టిపడలేదు.

ఇక నా కథ. ఉద్యోగంలో చేరిన కొత్త. మా వీధిలో ఒక పెద్దాయన, చిన్నప్పుడు నన్ను భుజాన మోసినవాడు, సుగ్గికి బెంగళూరు పోయి బిల్డింగు పని చేసి వచ్చాడు. మేస్త్రీ పద్దెనిమిది వేలు బాకీ పడ్డాడు. అడిగితే "నేను పద్దెనిమిది వేలు ఇయ్యాల" అని నలుగురి ముందు ఒప్పుకున్నాడు గానీ ఇవ్వలేదు. అక్కడి ఆఫీసుకు అర్జీ పెట్టాలి. మాకు కన్నడం మాట్లాడటం వచ్చు గానీ రాయడం రాదు. అందుకని నన్ను ఇంగ్లీషులో రాయమన్నాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాననుకున్నాను:

ద మేస్త్రీ టోల్డ్ దట్ ఐ హ్యావ్ టు పే ఎయిటీన్ థౌజండ్ రుపీస్.

ఇందులో "ఐ" ఎవరు? తెలుగు తలకాయతో చదివితే మేస్త్రీ. కానీ ఇంగ్లీషులో గుర్తులు లేకుండా రాస్తే "ఐ" అంటే అర్జీ రాసినవాడు. అంటే బాకీ మేస్త్రీది కాదు, మా పెద్దాయనది! ఆయన పద్దెనిమిది వేలు ఇవ్వాలని మేస్త్రీ అంటున్నట్టు అయింది. అర్జీ తిరిగొచ్చింది. బాకీ ఉన్నది నువ్వయితే ఫిర్యాదు ఎందుకని అడిగారంట. వాళ్లను తప్పు పట్టలేను. కాగితం మీద ఉన్నదే వాళ్లు చదివారు.

సరిగ్గా రాయడానికి రెండు దారులున్నాయి. మాటను ఉన్నదున్నట్టు గుర్తుల మధ్య పెట్టడం ఒకటి: ద మేస్త్రీ సెడ్, "ఐ హ్యావ్ టు పే యూ ఎయిటీన్ థౌజండ్ రుపీస్." గుర్తులు తీసేసి "ఐ"ని "హీ"గా మార్చడం రెండోది: ద మేస్త్రీ సెడ్ దట్ హీ హ్యాడ్ టు పే మీ ఎయిటీన్ థౌజండ్ రుపీస్. నేను రెండూ చేయకుండా మధ్యలో నిలబడ్డాను. మన పిల్లలు ఈరోజుకీ నిలబడేది అక్కడే. అది వాళ్ల తెలివితక్కువతనం కాదు. "అని"ని "దట్" అని మార్చేస్తే సరిపోతుందనుకుంటారు. "అని" ఎదుటివాడి "నేను"ను నేనుగానే ఉంచుతుంది, "దట్" ఉంచదు.

మిగిలిన నియమాలు నేను క్లాసులో గొర్రెల దొడ్డితో చెప్తాను. గుర్తులు దొడ్డి కంప. మాట్లాడినవాడి మాటలన్నీ లోపలే ఉండాలి. మాట ప్రశ్న అయితే ప్రశ్నార్థకం కూడా లోపలే. "హీ సెడ్" ముందొస్తే దాని తర్వాత ఒక కామా పెట్టి, దొడ్డిలో మొదటి అక్షరం పెద్దది రాయాలి. "హీ సెడ్" వెనకొస్తే మాట చివర ఫుల్‌స్టాప్ బదులు కామా, అదీ కంప లోపలే. అప్పుడు "హీ"లో అక్షరం చిన్నది. ఇంకొకరు నోరు విప్పితే కొత్త పేరా. బ్రిటిషువాళ్లు ఎక్కువగా ఒంటి గుర్తులు, అమెరికావాళ్లు జంట గుర్తులు వాడతారు. ఏదైనా సరే, తెరిచిన తడక మూయాలి. మూయకపోతే ఒకరి గొర్రెలు ఇంకొకరి మందలో కలుస్తాయి.

రెండో అర్జీ సరిగ్గానే రాశాను. అప్పటికి రెండు నెలలు గడిచాయి, మేస్త్రీ వేరే చోటికి పని మార్చాడు. చివరికి చేతికొచ్చింది సగమే. తప్పు నాదని ఆ పెద్దాయనకు చెప్పడానికి వారం పట్టింది నాకు. ఆయన విని, "నువ్వు రాసినావు కాబట్టి వాళ్లు చదివినారు లే సారూ. నేనైతే అది కూడా రాయలేకపోతి" అన్నాడు. ఈ మాటను గుర్తుల మధ్య ధైర్యంగా పెడుతున్నాను. ఎందుకంటే ఒక్క అక్షరం కూడా మరిచిపోలేదు. ఆ తర్వాత నేను పాఠం చెప్పిన ప్రతి పదో తరగతికీ ఆ మొదటి అర్జీ వాక్యం బోర్డు మీద రాసి, "ఐ ఎవరు?" అని అడిగాను.

చివరగా ఒక విన్నపం. ఈ సంచికకు మీరంతా మన గురువుల జ్ఞాపకాలు రాస్తున్నారు. "మా సారు ఇట్లన్నారు" అని రాసేటప్పుడు ఒక్క క్షణం ఆగండి. వాళ్ల మాట వాళ్ల నోట వచ్చినట్టే గుర్తుంటే గుర్తుల మధ్య పెట్టండి. సరిగ్గా గుర్తులేకపోతే గుర్తులు తీసేసి "అన్నట్టు జ్ఞాపకం" అనండి. మనకు అక్షరం నేర్పినవాళ్ల నోట్లో వాళ్లు అనని మాట పెట్టకూడదు. కొందరు గురువులు ఇది నా మాట కాదని చెప్పడానికి ఈరోజు మన మధ్య లేరు.

సెలవు.