పాత సాక్సోఫోను – మీటల ఎత్తు
(సంఘ వార్షికోత్సవ సభయందలి ప్రసంగము)



పగలెల్ల ఫైళ్ళ నడుమ గడపువాడు విదేశవాద్యమును గూర్చి ప్రసంగించుట కొందఱికి వింతగా తోచవచ్చును. బెల్జియం దేశస్థుడగు అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిస్ నగరమున దీనికి పేటెంటు పొందెను. కాని దక్షిణ కన్నడ జిల్లావాడైన కద్రి గోపాల్‌నాథ్ (1949–2019) దీనిపై మన రాగములను గమకయుక్తముగా పలికించిన పిమ్మట ఇది పరాయి వాద్యమనుటకు నా కైతే నోరాడదు.

నేను చెప్పబోవునది ఒక చిన్న కొలతను గూర్చి. సాక్సోఫోను గొట్టమునకు ఇరువదికి మించి రంధ్రములుండును. రంధ్రమున కొక తోలుమెత్త మూత, మూతను కదల్చుట కొక మీట. మూత తెరచియున్నపుడు మెత్తకును రంధ్రపు టంచునకును గల యెడమునే మీట యెత్తందురు. ఎడము చాలనిచో స్వరము శ్రుతి తగ్గి, గొంతు నొక్కినట్లు పలుకును. మిక్కుటమైనచో శ్రుతి హెచ్చును, వ్రేళ్ళకును శ్రమ.

మా క్వార్టర్లలో సైనికబ్యాండునుండి విశ్రమించిన పెద్ద లొకరు కలరు. వారివద్ద 1930 ప్రాంతపు కాన్ కంపెనీ టెనర్ సాక్సోఫోను ఉన్నది. పదునాలుగేండ్ల మనుమడు దానిపై సాధన చేయుచుండగా, నేర్పువారు బాలునకు శ్రుతిజ్ఞానము లేదని తేల్చివేసిరి. పిల్లవాడు వాద్యము ముట్టుట మానెను. తాతగారు దానిని అమ్మివేయ సంకల్పించిరి.

నేను విన్నపుడు ఎడమచేతి స్వరములు చక్కగనే యున్నవి. జి, ఎఫ్, ఇ అను మూడు మాత్రము రెండు స్థాయిలలోను తగ్గి పలికినవి. చెవి లోపమైనచో ఆ మూడింటనే యేల కానవచ్చును? మూసిన రంధ్రములకు దిగువన మొట్టమొదట తెరచియున్న రంధ్రమే స్వరమును ముఖ్యముగా నిర్ణయించును. ఆ మూడింటికి అట్టి రంధ్రములు కుడిచేతి వరుసలోనివే. ఎవరో ఆ వరుసకు మందపు మెత్తలు వేసి, మీటల పాదములకు మందపు కార్కు అంటించిరి. ఎడము సన్నగిల్లెను.

ఒక వృద్ధ మేస్త్రీ పని చేయుచుండగా నేను దగ్గరనుండి చూచితిని. ఆయన మొదట చీకటిగదిలో గొట్టములోనికి దీపము దింపి, గాలి కాఱు తావులను సరిచేసెను. గాలి కాఱుచుండగా ఎత్తు కొలచుట వృథా. పిమ్మట ఇరుకుగదిగల క్రొత్త మౌత్‌పీసు తీసి, ఆ వాద్యమునకు తగిన విశాలమైనది పెట్టించెను. శ్రుతి కొంత కుదిరెను గాని ఆ మూడు స్వరములు లొంగలేదు.

ఎంత యెడ ముండవలెను? రంధ్రపు వైశాల్యమునకు సమముగా చుట్టును గాలి వెడలుటకు వ్యాసములో నాల్గవవంతు ఎత్తు చాలును. 32 మిల్లీమీటర్ల రంధ్రమునకు 8 మిల్లీమీటర్లు. అంతకు మించి తెరచినకొలది ఫలము తగ్గుచుండును. ఇది ఆరంభపు లెక్క మాత్రమే, తీర్పు చెవిది.

మేస్త్రీ కార్కును గరుకుకాగితముతో ఇంచుకించుక రాయుచు, రాచినప్పుడెల్ల బాలునిచే ఊదించెను. ఇక్కడ నొక చిక్కు కలదు. ఎఫ్, ఇ, డి మీటలలో దేనిని నొక్కినను పైనున్న ఎఫ్-షార్ప్ మూతయు కూడ మూసికొనవలెను. ఒకదానిని పెంచి రెండవదానిని మరచినచో వ్రేలు కొంతదూరము ఊరక దిగును. కావున అతడు ఎఫ్-షార్ప్‌ను ముందు కుదిర్చి, తక్కినవానిని దాని కనుగుణముగా సరిపెట్టెను. ఎత్తు తగ్గింపవలసినచోట మడచిన కాగితమును పాదము క్రింద దూర్చి ముందుగా విని చూచుట ఆయన పద్ధతి. అది నాకెంతయు నచ్చినది.

అతడు చేయనిది కూడ చెప్పవలెను. ఆ వాద్యపు రంధ్రముల అంచులు వెలుపలికి చుట్టిన లోహపు మడతలు. వానిని ఆకురాయితో సమము చేయబూనువారు కలరు. మడత అరిగిన పిదప తిరిగి రాదు. మీటలను వంచుటకును ఆయన తొందరపడలేదు. కార్కు పోయిన మరల అంటింపవచ్చును. ఇత్తడి అట్లు కాదు.

మూడవదినమున జి స్వరము విప్పారి పలికెను. బాలుడు దానినే పదిమార్లు ఊదెను. అమ్మకపు మాట ఆ యింట మరల వినబడలేదు. తీసిన కార్కు ముక్కలను మేస్త్రీ ఒక కవరులో నుంచి, దేని దే మీటయో పైన వ్రాసి తాతగారి కిచ్చెను.