పాడు, హాడు, హాళు



మా బెంగుళూరులో తెలుగిళ్ళ పిల్లలు వీధిలో కన్నడం నేర్చుకుంటూ ఒక కిటుకు తొందరగానే పట్టేస్తారు. మన పాలు వాళ్ళకు హాలు, పులి హులి, పువ్వు హూవు. ‘ప’ తీసి ‘హ’ పెడితే సరి! ఈ లెక్కనే నమ్ముకుని నా తరగతిలో ఒక కుర్రవాడు, గడియారం పాడైందని చెప్పబోయి ‘హాడాగిదె’ అన్నాడు. అంటే గడియారం పాటైపోయిందన్నమాట! అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. తర్వాత చాలా రోజులు వాడు కన్నడంలో నోరు విప్పలేదు. నవ్వకుండా ఉండవలసింది.

కన్నడంలో పాట పాడటం ‘హాడు’, పాడైపోయినది ‘హాళు’. మనకు రెండూ ‘పాడు’. నిజానికి ఈ రెండో మాటలో ఒకప్పుడు ఉన్నది డ కాదు, ళ కూడా కాదు. ‘తమిళ్’ అనే మాట చివర తమిళులు నాలుక మడిచి పలుకుతారే, ఆ ధ్వని. పాత తెలుగు, కన్నడ శాసనాలలో దానికి వేరే అక్షరమే ఉండేది. తర్వాత కన్నడంలో అది ళలో కలిసింది, తెలుగులో ఇలాంటి మాటల్లో డలో కలిసింది. మన కోడి, ఏడు వాళ్ళకు కోళి, ఏళు అయింది అందుకే. పాట విషయంలో మాత్రం వాళ్ళకు తేడా మిగిలింది, మనకు చెరిగిపోయింది.

అయినా ‘రేడియో పాడింది’, ‘రేడియో పాడైంది’ అంటే మీరు పొరబడతారా? ధ్వని వదిలేసిన పనిని పక్కనున్న ‘అవు’ అందుకుంది.

చివరికి ఆ కుర్రవాడికి హాలు, హాడు, హాళు మూడూ నల్లబల్ల మీద రాసి పలికించాను. మూడోది పలికేటప్పుడు ఇప్పుడు వాడే నవ్వుతాడు.