గోడకు ఫైలు లేదు

(గన్నవరంలో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనవాళ్ళంతా నకారా కేసు గురించి మాట్లాడతారు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టువారు ఇచ్చిన తీర్పు వల్లనే పెన్షను అనేది దానం కాదు, హక్కు అని మనం తలెత్తుకుని చెప్పగలుగుతున్నాం. నాకు ముందు మాట్లాడిన పెద్దలు దాని గురించీ, డి.ఎ. బకాయిల గురించీ చెప్పారు. నేను వేరే విషయం మాట్లాడతానని కార్యదర్శిగారికి ముందే మనవి చేసుకున్నాను. "ఏం విషయమండీ?" అన్నారు. "గోడ" అన్నాను. ఆయన నవ్వి పది నిమిషాలు ఇచ్చారు.

నేను నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేరి 2009లో రిటైరయ్యాను. 1988లో హౌస్ బిల్డింగ్ అడ్వాన్సు తీసుకుని ఈ ఊళ్ళోనే ఇల్లు కట్టుకున్నాను. మొన్న శ్రావణమాసంలో మా ఇంటావిడ బాత్‌రూములో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది గాని, డాక్టరుగారు ఇంటికి పంపేటప్పుడు ఒక షరతు పెట్టారు. కమోడు పక్కన ఒకటి, స్నానం చేసేచోట ఒకటి, గోడకు స్టీలు కడ్డీలు బిగించిన తరువాతనే ఆ బాత్‌రూములోకి వెళ్ళాలన్నారు. అందుకని ఆవిడను విజయవాడలో అమ్మాయి ఇంట్లో ఉంచి, నేను కడ్డీలు కొనుక్కుని వచ్చాను.

బిగించడానికి వచ్చిన కుర్రాడికి ఇరవై రెండేళ్ళు. మంచి పనివాడు. నేల తడిగా ఉన్నది, కాళ్ళకు చెప్పులు లేవు. డ్రిల్లు పాతది, ముందుభాగమంతా లోహమే. అది గోడలోకి అంగుళమున్నర దిగిందో లేదో, "అమ్మా" అని ఒక్క కేక వేసి వెనక్కి విరుచుకుపడ్డాడు. నేను వరండాలోకి పరుగెత్తి మెయిన్ దించాను. పరుగెత్తానంటున్నాను గాని డెబ్బై నాలుగేళ్ళవాడి పరుగు ఎంతటిదో మీకు చెప్పనక్కరలేదు. దేవుడి దయవల్ల పిల్లవాడు బతికాడు. రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. పదిహేను రోజులపాటు ఎడమ చెయ్యి తిమ్మిరిగానే ఉన్నదట.

ఆ సాయంత్రం వాడి తల్లి మా ఇంటికి వచ్చింది. కేకలు వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. వరండా మెట్టుమీద కూర్చుని, "వైరు గోడలో ఎటు పోయిందో ఇంటివారికి తెలియదా అండీ?" అని అడిగింది. అంతే. నాకు జవాబు దొరకలేదు.

తెలియకపోవడానికి కారణం ఉన్నది. ఫ్యాను స్విచ్చు దగ్గర నుంచి వైరు నిట్టనిలువుగా పైకి పోయి, అక్కడ నుంచి అడ్డంగా తిరగాలి. పద్ధతి అది. కాని మా ఇంటికి వైరింగు చేసినతను నాలుగు గజాల వైరు కలిసొస్తుందని ఏటవాలుగా లాగేశాడు. దానిమీద సిమెంటు పూసేశారు. పైన టైల్సు అంటించేశారు. అతను ఇప్పుడు లేడు, మేస్త్రీ కూడా లేడు. లేనివాళ్ళను అనడం దేనికి? పని జరుగుతున్నప్పుడు పక్కనే కుర్చీ వేసుకుని పేపరు చదువుకున్నవాణ్ణి నేనే.

ఇక్కడ మన పబ్లిక్ వర్క్స్ సోదరులు నన్ను క్షమించాలి. నేను సర్వీసంతా ఎం.బుక్కుల మధ్య గడిపినవాణ్ణి. పునాది గానీ, పూడ్చివేసే పైపు గానీ, కాంక్రీటులో మునిగిపోయే ఊచ గానీ, కప్పేయకముందే కొలతలు తీసి ఎం.బుక్కులో ఎక్కించాలి. కప్పేసిన తరువాత తెచ్చిన కొలతల మీద ఎన్నిసార్లు అభ్యంతరం రాసి ఫైలు తిప్పి పంపానో లెక్కలేదు. కాలువ గట్టు మీద తూముకు ఎం.బుక్కు ఉన్నది. నా సొంత ఇంటి గోడకు ఒక కాగితం ముక్క లేదు.

పాత ఇళ్ళల్లో ఈ బాధ లేదు. మా నాన్నగారి పెంకుటింట్లో వైరు గోడపైనే టేకు బద్దీమీద, చిన్న చిన్న రేకు క్లిప్పుల వరుసతో పోయేది. అందం చాలదని ఎవరైనా అంటే అనవచ్చు. కాని చంటిపిల్లవాడికి కూడా కరెంటు ఎక్కడున్నదో కనిపించేది. ఆ తరువాత వైర్లన్నీ గోడలోకి పోయాయి, నీళ్ళ పైపులు కూడా పోయాయి. ఇల్లు నున్నగా తయారయింది.

ఇంకొక మాట. "మాకు ఫ్యూజు ఉన్నది గదా" అని ధైర్యంగా ఉండేవారు మనలో చాలామంది. ఆ రోజు మా ఇంట్లో ఫ్యూజు పోలేదు! ఫ్యూజు ఉన్నది వైరు కాలిపోకుండా కాపాడడానికి. అయిదు ఆంపియర్లదో పదిహేను ఆంపియర్లదో దాటితేగాని అది కదలదు. మనిషి ప్రాణం తీయడానికి ఆంపియరులో పదోవంతు కూడా అక్కరలేదు. ఆర్‌.సి.సి.బి. అని ఒక స్విచ్చు ఉంటుంది. ఇళ్ళకు 30 మిల్లీ ఆంపియర్లది పెడతారు. పోయిన కరెంటు అంతా తిరిగి రాకుండా, ఆ కాస్త మనిషి గుండా భూమిలోకి జారినా సరే, రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. నేను ఆ మర్నాడే పెట్టించాను. ముందురోజు పెట్టించవలసినది.

ఇక అసలు సంగతి. మా అమ్మాయి కొడుకు విజయవాడలో ఇళ్ళకు ఇంటీరియర్ పనులు చేయించే కంట్రాక్టరు దగ్గర ఉన్నాడు. జరిగింది విని ఆదివారం ఒక యంత్రం పట్టుకొచ్చాడు. టి.వి. రిమోటుకు అన్నయ్యలా ఉన్నది. గోడకు ఆనించి మెల్లగా జరిపితే లోపల ఏదైనా ఉన్నచోట ఎర్రదీపం వెలిగి కుయ్‌మంటుంది. వాల్ స్కానరు అంటారట. అది బాష్ కంపెనీవారి జి.ఎం.ఎస్. 120 అనే రకం. కంపెనీవారి లెక్క ప్రకారం గోడలోపల ఇనుమైతే 120 మిల్లీమీటర్లు, రాగి అయితే 80, కరెంటున్న వైరు అయితే 50, కలప అయితే 38 మిల్లీమీటర్ల లోతువరకు పసిగడుతుంది. అదీ అంతా సవ్యంగా ఉంటేనే.

దీని కిటుకు పాతదే. లోపల తీగచుట్ట ఒకటి ఉంటుంది. దాని అయస్కాంత ప్రభావంలోకి లోహం వస్తే ఆ ప్రభావం మారుతుంది, ఆ తేడాను యంత్రం కనిపెడుతుంది. టెలిఫోను కనిపెట్టిన గ్రహంబెల్ 1881లోనే ఇటువంటిది తయారుచేశాడు. అప్పటి అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తుపాకీగుండు ఎక్కడున్నదో కనుక్కోవడానికి దాన్ని తీసుకెళ్ళాడు. కాని ఆయనను పడుకోబెట్టిన పరుపులో ఉక్కు స్ప్రింగులు ఉన్నాయి. పైగా వైద్యుడు కుడివైపు మాత్రమే వెదకనిచ్చాడు, గుండేమో ఎడమవైపున ఉన్నది. యంత్రం మోగవలసినచోట మోగే అవకాశమే రాలేదు. సెప్టెంబరు 19న ఆయన చనిపోయారు.

అమెరికాలో మా అబ్బాయి ఇంట్లో గోడ తడితే తపేలా తట్టినట్లు మోగుతుంది. కొయ్య నిలువుబద్దలకు జిప్సం పలకలు కొట్టి గోడ అంటారు. బద్దలు 16 అంగుళాలకొకటి ఉంటాయి. ఫొటో తగిలించాలంటే బద్ద ఎక్కడున్నదో తెలియాలి. అక్కడ ఈ యంత్రాలు ఎక్కువగా ఆ పనికే వాడుతున్నారు. మనది ఇటుక, సిమెంటు. మనకు కావలసింది దొరకడం కాదు, దొరక్కపోవడం! మేకు కొట్టబోయేచోట ఏమీ లేదని తెలియాలి.

మా ఇంట్లో ముందు హాలు గోడమీద పెట్టాడు. స్తంభానికీ ఇటుకకూ అతుకు పగలకుండా కోళ్ళగూటి వల వేసి సిమెంటు పూస్తారు గదా, అక్కడ ఆగకుండా మోగింది. ఆ తరువాత బాత్‌రూములో పెట్టాడు. ఏటవాలు వైరును చక్కగా పట్టింది. సుద్దముక్కతో గీత గీశాం. ఆ గీత చూస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది. కుర్రాడు పెట్టిన రంధ్రం సరిగ్గా గీత మధ్యన ఉన్నది.

కడ్డీ బిగించవలసిన రెండోచోట నిలువునా ఒక గీత మోగింది. అది 1988 నాటి ఇనప పైపు. తుప్పు పట్టిందని 2012లో దాని నోరు మూసేసి, గీజరు పెట్టించినప్పుడు సి.పి.వి.సి. పైపు వేయించాం. ఈ ప్లాస్టిక్ పైపును యంత్రం గుర్తించలేదు. రాడారు పద్ధతిలో పనిచేసే ఖరీదైనవి నీళ్ళున్న ప్లాస్టిక్ పైపులను కూడా పడతాయట, మా దగ్గరున్నది ఆ రకం కాదు. చచ్చిన పైపు దగ్గర గోలపెట్టింది, వేడినీళ్ళు పారే పైపు దగ్గర నోరు మెదపలేదు.

ఏం చేయాలో తోచక ఇంటావిడకు ఫోను చేశాను. "గీజరు పైపు తిన్నగా దిగలేదండీ, సబ్బుగూడు అడ్డం వచ్చిందని ఎడమవైపు తిప్పాడు. ఆ రోజు మీరు బ్యాంకుకు వెళ్ళారు" అన్నది. పదమూడేళ్ళ కిందటి మాట. మనవడు వేడినీళ్ళ పంపు విప్పి పది నిమిషాలు వదిలాడు. అరచెయ్యి ఆనించి చూస్తే, ఆవిడ చెప్పినచోటే టైల్సు గోరువెచ్చగా తగిలాయి. సుద్దగీత అక్కడ కూడా గీశాం.

ఈ సందర్భంలో ఒక జాగ్రత్త చెప్పాలి, ఇది బాగా వినండి. యంత్రం కరెంటు వైరును కరెంటు ఉన్నప్పుడే బాగా గుర్తిస్తుంది. మెయిన్ దించేసి వెదికితే, ఉన్న వైరు లేనట్లు కనిపించవచ్చు. కనుక కరెంటు ఉండగా, స్విచ్చులన్నీ వేసి వెదికి, గీతలు గీసుకుని, ఆ తరువాత మెయిన్ దించి అప్పుడు డ్రిల్లు పట్టుకోవాలి. గోడ చెమ్మగా ఉంటే యంత్రం మాట నమ్మకండి. మన డెల్టాలో వానాకాలం చెమ్మలేని గోడ ఏది?

"ఇంత నమ్మకం లేనిది దేనికండీ" అని నా మిత్రులొకరు అన్నారు. ఆయనకు నేను శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం సంగతి చెప్పాను. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలో ఆ సొరంగం లోపల సుమారు 14 కిలోమీటర్ల దగ్గర కప్పు కూలి ఎనిమిదిమంది చిక్కుకుపోయారు. మన పక్కనే కొండపావులూరులో జాతీయ విపత్తు స్పందన దళం బెటాలియన్ ఉన్నది గదా, విజయవాడ వైపు నుంచి కూడా ఆ దళంవారు వెళ్ళారు. హైదరాబాదు ఎన్‌.జి.ఆర్‌.ఐ. శాస్త్రవేత్తలు భూమిలోపలికి చూసే రాడారు తెచ్చారు. అది గుర్తులు చూపింది. మనుషులేనని ఆశపడ్డారు. తవ్వితే కొన్నిచోట్ల తగిలింది ఇనుము. మార్చి 9న మొదటి మృతదేహం దొరికింది. చోటు చూపినవి కేరళ నుంచి తెచ్చిన పోలీసు కుక్కలు. రాడారు అబద్ధమాడలేదు, అక్కడ ఏదో ఉన్నదన్నది. ఏది అన్నది దానికి తెలియదు.

మా ఇంటి విషయం చెప్పి ముగిస్తాను. ఏటవాలు వైరు తీసేసి కొత్తది నిలువుగా వేయించాను. రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు కొని, ప్రతి గోడకూ ఒక పేజీ కేటాయించాను. ఉత్తరపు గోడ, తలుపు చట్రం నుంచి 2 అడుగుల 7 అంగుళాలు, నేల నుంచి 4 అడుగులు, వేడినీళ్ళ పైపు ఎడమకు మలుపు. ఇలా రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను. సుద్దగీతలను మనవడు సెల్‌ఫోనులో ఫొటోలు తీసి, ప్రింటు వేయించి ఇస్తే పక్కన అంటించాను. వెరిఫై చేసిన అధికారిగా మా ఇంటావిడ చేత కూడా సంతకం పెట్టించాను. ఆవిడ రెండు తప్పులు దిద్దింది.

కడ్డీలు బిగించడానికి వేరేవారిని పిలుద్దామనుకున్నాను. ఆ కుర్రాడే ఒప్పుకోలేదు. కాళ్ళకు రబ్బరు చెప్పులు వేసుకుని, కొత్త డ్రిల్లు తెచ్చుకుని వచ్చాడు. "మెయిన్ దించారా బాబాయిగారూ?" అని మూడుసార్లు అడిగాడు. మూడోసారి తానే వెళ్ళి చూసుకుని వచ్చాడు. వాడి తల్లి కూడా వచ్చి, పని అయ్యేదాకా ఆ మెట్టుమీదనే కూర్చున్నది. దసరా ముందురోజు మా ఇంటావిడ ఇంటికి వచ్చింది.

నోటుబుక్కు పి.పి.ఓ. పెట్టుకునే సంచీలోనే ఉన్నది. సభ తరువాత చూడదలచినవారికి చూపిస్తాను. యంత్రం కావలసినవారు ముందుగా నాకు చెబితే ఆదివారాలు మనవడు తీసుకువస్తాడు. అయితే ఆ ఇంట్లో ఎక్కువకాలం ఉన్నవారు, ముఖ్యంగా ఆడవారు, ఆ సమయానికి ఇంట్లో ఉండాలి.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు.