మరలి వచ్చెదమను మాటకు సాక్ష్యము
(హోసూరు సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కెనడా చదువులకై దరఖాస్తు పెట్టిన మన పిల్లలలో కొందరికి నిరాకరణ పత్రములు వచ్చినవి. గడువు తీరిన పిదప దేశము విడిచి వెళ్లుదురని నమ్మకము కలుగలేదనుట వాని సారాంశము. పిల్లవాడు అబద్ధమాడినాడని దీని అర్థము కాదు. వెళ్లిపోవునని రుజువైననే అనుమతి ఇయ్యవలెనని అచ్చటి వలస నిబంధనలలో 216వది చెప్పుచున్నది. రుజువు చేయవలసిన భారము మనదే.

మనవారిలో ఒక తండ్రి, పేరు చెప్పము, ఆ పత్రము రాగానే ఇంటి దస్తావేజులు, దుకాణపు లెక్కలు మూటగట్టుకొని మా యొద్దకు వచ్చినారు. "అన్నగారూ, ఇవన్నియు కోర్టులో చూపింతము" అన్నారు. వకీలును విచారింపగా తెలిసినదేమనగా, అచ్చటి ఫెడరల్ కోర్టులో జరుగునది అప్పీలు కాదు, సమీక్ష మాత్రమే. దానికిని ముందు కోర్టువారి అనుమతి కావలెను. నిర్ణయము కెనడా వెలుపల జరిగినచో, అది తెలిసిన 60 దినములలో అడుగవలెను. అధికారి యెదుట ఆనాడున్న కాగితములనుబట్టి ఆయన నిర్ణయము సమంజసమా కాదా యని న్యాయమూర్తి చూచును. ఆనాడు పెట్టని దస్తావేజును సాధారణముగా చూడరు. గెలిచినను వీసా చేతికి రాదు. దరఖాస్తు మరియొక అధికారి యొద్దకు పోవును. ఆ తండ్రి మూట విప్పకయే కూర్చుండిపోయినారు. ఏజెంటు బ్యాంకు కాగితమును, కళాశాల ఉత్తరమును మాత్రమే పెట్టియుండెను.

పెట్టిన కాగితమును అధికారి గమనింపనిచో కోర్టుకు పోవుట న్యాయమే. పెట్టనే లేదన్నచో క్రొత్త దరఖాస్తే దారి.

ఇక మన చిక్కు వేరు. తరతరములుగా ఇచ్చట నున్నవారము. ఇల్లు తాతగారి పేర నుండును, పట్టా చిట్టాలు తమిళమున నుండును. ఆ తాతకు ఈ పిల్లవాడు మనుమడని అధికారికెట్లు తెలియును? వారసత్వ ధ్రువపత్రమును జతపరుపుడు. అనువాదము ఇంగ్లీషున గాని ఫ్రెంచిన గాని యుండవలెను. మనలో మూడు భాషలు వచ్చిన పెద్దలు కలరు గాని, తండ్రి గాని అన్న గాని చేసిన అనువాదము చెల్లదు. గుర్తింపు పొందిన అనువాదకుడు కానిచో, చేసినవారు ప్రమాణపత్రము నీయవలెను.

ఆస్తి యొక్కటే చాలదు. ఈ చదువు మరలి వచ్చి యెచ్చట ఉపయోగపడునో పిల్లవాడే తన మాటలలో వ్రాయవలెను. దుకాణమునకు అక్కరకు వచ్చునా? పాత యజమాని తిరిగి చేర్చుకొందునని ఉత్తరమిచ్చునా? ఏజెంటు అందరికి ఒకే మాదిరిగా వ్రాసియిచ్చు ఉత్తరమును మేము చూచితిమి. దానిలో ఊరి పేరు సైతము తప్పు.

కొందరు టొరంటోలోని మేనమామను దాచుమని బిడ్డకు నేర్పుచున్నారు. అది మహాపరాధము. అసత్యము బయటపడినచో 5 ఏండ్లు ఆ దేశపు వాకిలి మూతపడును. మున్ముందు స్థిరపడవలెనను కోరిక యుండుట దోషము కాదని వారి చట్టమే, 22వ విభాగమున, అంగీకరించుచున్నది. గడువు తీరినపుడు వెళ్లుదురని తోచిన చాలును.

నిరాకరణ పత్రము వచ్చినవారు, మొదటి దరఖాస్తుతో పెట్టిన కాగితముల ప్రతులతో కూడ, ఆదివారము సాయంకాలము మా దుకాణమునకు రండు. తొలుత తేదీ చూతము.