బాటకు కంచె, కంచెకు వాకిలి



ముప్పది యేండ్లకు పైగా పల్లెబడిలో పిల్లలకు చదువు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. నేడు నేను ముచ్చటింపబోవునది కావ్యవిషయము కాదు, వ్యాకరణవిషయమును కాదు. కాలినడకను పోవు మనుష్యుని బండ్ల తాకిడి నుండి కాపాడుటకై బాట వెంబడి నిలుపు ఇనుప కంచెను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

మా యూరు హనుమకొండకు పడమట, హైదరాబాదు పోవు 163వ జాతీయ రహదారిని ఆనుకొని యున్నది. నా చిన్ననాట ఆ బాటను ఎడ్లబండ్లు సాగుచుండెడివి; ఎప్పుడో యొక బస్సు వచ్చెడిది. నేడది నాలుగు వరుసల బాట. ఊరొక ప్రక్క, చెరువును పొలములును మఱియొక ప్రక్క. బాటను వెడల్పు చేసినప్పుడు నడుమ గట్టు కట్టి, దానిపై ఇనుపకమ్ములు నాటిరి. మంచిపనియే. కాని దాటుటకు విడిచిన సందు మా కాలిదారికి ఎదురుగా లేక, అరమైలు దూరమున నుండెను. నెల తిరుగక మునుపే ఎవరో రెండు కమ్ములు పెఱికిరి. "గంత దూరం చుట్టు తిరిగి ఎవరు పోతరు, పంతులూ?" అని యొక ముసలమ్మ నన్నడిగినప్పుడు నేను మారు పలుకలేదు. ఏలయన, ఆ సందున నేనును పొలమునకు పోవుచుంటిని. ఒకనాటి మునిమాపున ఆ సందు నుండియే బాటలోనికి దిగిన పశులకాపరిని లారీ కొట్టెను. అతడు మరల లేవలేదు. చిన్ననాట నా యెదుట పలక పట్టి అక్షరములు దిద్దినవాడు. నాటి నుండి ఈ విషయము నా మనస్సును విడువలేదు.

ఇది మా యొక్క యూరి దుఃఖము మాత్రమే కాదు. కేంద్ర ప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022వ సంవత్సరమున మన దేశమందు రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. అందు ఇంచుమించు 32,800 మంది కాలినడకను పోవువారే. అనగా ఐదుగురిలో నొకరు. బండి వేగము రెట్టింపైనచో దాని తాకిడి శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. బ్రేకు వేసిన పిమ్మట అది నిలుచుటకు పట్టు దూరమును నాలుగింతలగును. కావున "మనలను చూచి ఆపునులే" యనుకొనుట వట్టి భ్రమ.

కంచెలు రెండు తెఱగులు. సన్నని కమ్ములతో నడుమెత్తున నిలుపునది యొకటి. అది మనుష్యుని తొందరపాటున బాటలోనికి దిగకుండ ఆపునే గాని, లారీని ఆపజాలదు. రెండవది వంపులు దీర్చిన మందపు ఇనుపరేకు; గట్టి స్తంభములకు బిగింపబడి యుండును. దారి తప్పిన బండి దానికి తగిలినప్పుడు, అది తాను వంగి, ఆ శక్తిని మ్రింగి, బండిని మరల బాటవైపునకు త్రిప్పును. వంగుటకు దాని వెనుక చోటుండవలెను. ఆ రేకునానుకొని కూర్చుండి చుట్ట కాల్చువారును, దాని వెనుకనే టీకొట్టు పెట్టువారును ఈ సంగతి నెఱుగవలెను.

ఇక అసలు మర్మము మన ఓరుగల్లు కోటయే చెప్పుచున్నది. గణపతిదేవుడు ఆరంభింపగా రుద్రమదేవి పూర్తి చేసిన రాతికోట, దాని చుట్టును అగడ్త, ఆవల మట్టికోట. అంత గట్టి గోడ కట్టినవారును నాలుగు దిక్కుల నాలుగు ద్వారములు విడిచిరి. ఆ ద్వారములందు సూటిగా దూసికొని పోవ వీలులేదు. మలుపు తిరిగియే పోవలెను. గోడను తలచినవారే దారిని గూడ తలచిరి. నేటి బాటల నడుమ గట్టునందును అట్టి మలుపు పెట్టు పద్ధతి కలదు. సగము దాటినవాడు ఎడమకు తిరిగి నాలుగడుగులు వేసినచో, ఎదురుగా వచ్చు బండ్లు అతని కంటబడును. వాకిలి లేని కంచెను జనులు పెఱుకుదురు. పెఱికిన సందు కంచె లేని బాటకంటెను అపాయకరము. ఏలయన, అచ్చట మనుష్యుడు దిగునని బండివాడు తలపడు.

కంచె యుండిన చాలునని యెంచరాదు. లండను నగరమున కెన్సింగ్టన్ హై స్ట్రీట్ అను వీథిలో కొన్నియేండ్ల క్రిందట కంచెలు తొలగించి, దాటుచోట్లను సవరింపగా, పాదచారులకు గాయములు తగ్గినవి. అది బండ్లు మెల్లగా పోవు అంగడివీథి. మన రహదారి అట్టిది కాదు. ఎచ్చట వేగమును తగ్గింపవచ్చునో అచ్చట వేగమునే తగ్గింపవలెను. తగ్గింపరాని చోట కంచెయు, వాకిలియు, దీపమును ఉండవలెను.

2025వ సంవత్సరమున సుప్రీముకోర్టు, కాలిబాటపై నడచు హక్కు రాజ్యాంగపు 21వ అధికరణమునందలి జీవించు హక్కులోనిదే యని చెప్పినది. హక్కు గలదు, అడుగువారు కావలెను. పెద్దలారా! మీ యూరి యొద్ద బాటపని మొదలైనప్పుడు ఇంజనీరుగారిని ప్రొద్దున బడిగంట వేళను, సాయంకాలము పసులు మరలు వేళను పిలిచి, జనులు నడచు దారిని కన్నులార చూపుడు. గ్రామసభలో తీర్మానము వ్రాయించి, వాకిలి ఎచ్చట కావలెనో స్పష్టముగా తెలుపుడు. మన తప్పును గూడ దిద్దుకొందము. బాట యంచున వడ్లును మక్కలును ఎండబోసి, నడచువారిని బండ్ల క్రిందికి నెట్టుచున్నది మనమే గదా!

మా యూరివారము అర్జీ పెట్టుకొంటిమి. సమాధానము వచ్చువఱకు ఆ సందున తుమ్మకంప నాటితిమి. నేనిపుడు కఱ్ఱ పట్టుకొని అరమైలు చుట్టు తిరిగియే పొలమునకు పోవుచున్నాను. చెప్పువాడు ముందు నడవవలెను గదా! నన్ను చూచి ఇద్దఱు ముగ్గురు పిల్లలు వెంట వచ్చుచున్నారు.

సెలవు.