పొరుగు నేలకు పోవుటకు ముందు



పెదపాడు మొదలుకొని కొల్లేటి అంచువరకు గల గ్రామములందు నేటికిని తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు. "ఇక్కడి పొలము అమ్మినచో అక్కడ రెండింతలు వచ్చునట. పిల్లవాడు పోయెదనని పట్టుపట్టుచున్నాడు. మీరేమందురు?" ఈ ప్రశ్న చివరకు ఊరిపెద్దల అరుగుమీదికే వచ్చును. పోవువాడు పడుచువాడు; పొలమమ్ముటకు ఒప్పుకొనవలసినవారు పెద్దలు; పోయిన పిమ్మట ఏమి జరిగినను మాట పడువారును పెద్దలే. కావున నేనీ ప్రసంగమును పోవువారికంటె ముందుగా పంపువారికి విన్నవించుచున్నాను.

భూమి కొనబోవువాడు సామాన్యముగా మూడు ప్రశ్నలు వేయును. ధర యెంత? పంట యెంత? కాలువ యెంత దూరము? ఈ మూడును వలసినవే. కాని వీనికంటె ముందుగా వేయవలసినవి రెండు కలవు. ఆ నేలమీది ఆకాశము ఎట్టిది? ఆ నేలమీద ముందునుండి యున్న మనుష్యులు మనలను ఎట్లు చూతురు? ఇవి రెండును వేరువేరుగా తోచును; విచారించి చూడగా ఒక్కటే. ఆకాశము నీటిని తక్కువగా నిచ్చు చోట, క్రొత్తగా వచ్చినవాడు ఎంత నీరు వాడుకొనుచున్నాడనుదానిని బట్టియే ఇరుగుపొరుగులు వానిని ఆదరించుటయో, ఓర్చుకొనుటయో, ద్వేషించుటయో జరుగును.

మన డెల్టా రైతులు క్రొత్త కాలువల వెంట పోవుట ఈనాటి మాట కాదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను ముగిసినవి. తరువాత రెండు మూడు తరములలో మడి కట్టి నీరు నిలిపి వరి పండించుట మనవారికి చేతివిద్య యైనది. 1931లో మంజీరానదిపై నిజాంసాగరము పూర్తి యైన పిమ్మట మనవారు బోధను, వర్ని, కోటగిరి ప్రాంతములకు పోయిరి. 1953లో తుంగభద్ర జలాశయము నుండి నీరు పారుట మొదలు కాగా గంగావతి, కారటగి, సింధనూరు, మాన్వి, సిరుగుప్ప ప్రాంతములకు పోయిరి. అచ్చటి మెట్టభూములను చదును చేసి మడులు కట్టుటకు స్థానికులలో చాలమందికి పెట్టుబడి లేకుండెను. మనవారికి ఆ విద్యయు, ఇచ్చటి భూమి అమ్మిన సొమ్మును ఉండెను. పొలముల నడుమ వారు కట్టుకొన్న పల్లెలను "క్యాంపు"లని పిలిచిరి. డెబ్బది ఏండ్లు దాటినను ఆ పేరు పోలేదు. గంగావతి, కారటగి బియ్యపు మిల్లులు నేడు దేశమున పేరొందినవి. ఆ శ్రమను తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. ఆ డెబ్బది ఏండ్ల అనుభవమునుండి నేడు పోవువాడు ఏమి నేర్చుకొనవలయునో అదియే చెప్పదలచితిని.

ముందుగా ఎండ సంగతి. మనకు సముద్రము దగ్గర. వేసవిలో ఎంత ఉక్కపోసినను ప్రొద్దు వాలిన పిమ్మట సముద్రపు గాలి తిరుగును. రాయచూరు, కొప్పళ జిల్లాలు సముద్రమునకు దూరమైన పీఠభూమి. నైరృతి మేఘములలోని తడిని పడమటి కనుమలు ముందే పిండుకొనును. మిగిలిన పొడిగాలి ఆ జిల్లాలకు దక్కును. ఏటికి మనకు సుమారు 1000 మిల్లీమీటర్ల వాన కురియగా రాయచూరునకు 600 ప్రాంతము మాత్రమే. ఆ 600 అయినను నిలుకడ లేనిది. ఏప్రిల్, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటుట అచ్చట సాధారణము. అది చెమట కనబడని ఎండ. పట్టిన చెమట పట్టినట్లే ఆరిపోవుటచేత, దాహము తెలియకముందే ఒడలు ఎండిపోవును. క్రొత్తగా పోయినవారు తెల్లవారకముందే పనిలోనికి దిగి, ప్రొద్దెక్కునప్పటికి నీడకు చేరుట నేర్చుకొనవలయును. చలికాలపు రాత్రులు మనకంటె చల్లన. వృద్ధులను, చంటిబిడ్డలను మొదటి యేటనే వెంటగొనిపోకుండుట మేలు.

త్రాగునీటిని గూర్చియు తెలిసికొనవలయును. అచ్చటి పెక్కు గ్రామములలో భూగర్భజలమునందు ఫ్లోరైడు ఎక్కువ. అట్టి నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పండ్లు గారపట్టి, ఎముకలు బిగిసిపోవును. ఇల్లు కట్టుటకు ముందే బోరునీటిని పరీక్ష చేయించవలయును. కాలువ కట్టివేసిన వేసవి నెలలలో ఆ ఊరివారు ఏ నీరు త్రాగుచున్నారో కన్నులార చూడవలయును.

అచ్చటి నల్లరేగడి జొన్నకును ప్రత్తికిని అలవాటైన నేల. వానకు ఉబ్బును, ఎండకు నెఱ్ఱెలు విచ్చును. పునాది లోతుగా లేని గోడ దానిపై నిలువదు. ఏండ్ల తరబడి నీరు నిలిపిన పల్లపు పొలములలో మురుగు పోవు దారి లేక, ఉప్పు పైకి తేలి, చవుడు పట్టినది. ఎచ్చటనైన భూమి చౌకగా వచ్చుచున్నదని విన్నప్పుడు, ఎంత చౌక అని గాక, ఏల చౌక అని అడుగవలయును.

ఇక నీటి సంగతి. తుంగభద్ర ఎడమగట్టు కాలువను మన డెల్టా కాలువలవలె వరికొరకే త్రవ్వలేదు. అది కరవునకు ఆటపట్టైన ప్రాంతము. కొద్దిపాటి నీటిని వీలైనంత విశాలమైన నేలకు పంచి, జొన్న, ప్రత్తి, వేరుసెనగ వంటి ఆరుతడి పంటలను కాపాడవలెనని దాని ఏర్పాటు. ఏ సర్వే నంబరులో వరి వేయవచ్చునో, ఏ నంబరులో ఆరుతడి వేయవలయునో ముందే నిర్ణయించిరి. కాని ఎగువ భూములు కొన్నవారు, మనవారును తరువాత వారిని చూచి స్థానికులును, ఆరుతడికి కేటాయించిన భూములలోకూడ వరి వేసిరి. వరి త్రాగు నీరు జొన్న త్రాగు నీటికి ఎన్నో రెట్లు. ఫలితమేమి? ఎగువను మడులు నిండుగానుండగా, శివారు రైతు కాలువగట్టుపై కూర్చుండి ఎదురుచూడవలసివచ్చెను. కాగితముపై వాని పొలమునకు నీరు కలదు, కాలువలో లేదు.

జలాశయము సంగతియు మునుపటివలె లేదు. కట్టిన నాడు సుమారు 133 టి.ఎం.సి.లు పట్టిన జలాశయము, పూడిక చేరి నేడు సుమారు 106 మాత్రమే పట్టుచున్నది. రెండవ పంటకు నీరు విడువలేమని ప్రకటించిన సంవత్సరములు కలవు. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి గొలుసు తెగి 19వ గేటు కొట్టుకొనిపోయెను. నిండిన జలాశయమునుండి ఎంతో నీరు నదిపాలైన పిమ్మట గాని తాత్కాలికముగా అడ్డు వేయుటకు సాధ్యము కాలేదు. కావున ఏటికి రెండు పంటలని లెక్క కట్టి అప్పు చేసి పోవువాడు, ఒక్క పంటయే వచ్చిన ఏడు వడ్డీ ఎట్లు తీర్చునో ముందే లెక్క కట్టుకొనవలయును.

శివారు రైతు బాధ మన ప్రాంతపు పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. కాలువనీరు చివరగా చేరునదియు, మురుగునీరు మొదటగా ముంచునదియు మన కొల్లేటి అంచు పొలములనే. బుడమేరు, తమ్మిలేరు పొంగిన నాడు ఆ వెల్లువ ఉప్పుటేటి దారిని సముద్రమునకు పోవలయును. దారిలో చేపల చెరువుల గట్లు లేచినచో నీరు వెనుకకు తన్ని ఎవరి చేలు మునుగునో మనకు తెలియును. 2006లో ప్రభుత్వము అయిదవ కాంటూరు లోపలి చెరువుల గట్లను తెగగొట్టించినప్పుడు, గట్టు పోయినవాని దుఃఖమును చూచితిమి. గట్టువలన మునిగినవాని దుఃఖమును అంతకుముందే చూచితిమి. ఇచ్చట ఒకడు గట్టు వేసిన మరియొకని చేను మునుగును. అచ్చట ఒకడు తూము తెరచిన మరియొకని చేను ఎండును. మునిగినవాడైనను ఎండినవాడైనను తన పంట పోగొట్టినవానిని చుట్టమని పిలువడు. ఆ పోగొట్టినవాడు పరభాషవాడును, నిన్న వచ్చినవాడును అయినచో చెప్పవలసినదేమున్నది?

సంఘాదరణమునకు మూలము ఇచ్చటనే యున్నది. తక్కినవన్నియు దీని తరువాతివే. అయినను చిన్నవి కావు.

మొదటిది భాష. రాయచూరు సీమ 1956 నవంబరు 1వ తేదీవరకు హైదరాబాదు రాష్ట్రములో నుండి, ఆనాడు కన్నడరాష్ట్రమున చేరినది. అచ్చటి కచేరీలలో నడచునది కన్నడము. లిపి మనలిపికి తోబుట్టువు. పట్టుదల యున్న పెద్దవాడు రెండు నెలలలో చదువనేర్చును. నీటిని వారును నీరే యందురు. అయితే ఒక చోట జాగ్రత్త వలయును. కన్నడమున "నీవు" అనుట గౌరవము. "నీను" అనుట చనువు. మనలను వారు "నీవు" అన్నప్పుడు ఏకవచనమని తొందరపడి కోపము తెచ్చుకొనరాదు. మన గోదావరి "అండీ"కి బదులుగా ఆ సీమలో మాట చివర "రీ" చేర్తురు. ఆ రెండు మాటలు తెలిసినవానికి సంతలో సగము దారి తెరచుకొనును.

రెండవది కాగితము. మన అడంగలువంటిది అచ్చట "పహణి". అది కన్నడములో నుండును. దానిని చదువలేనివాడు మధ్యవర్తి చెప్పినదే వేదమని నమ్మవలసివచ్చును. షెడ్యూలు కులములకును తెగలకును ప్రభుత్వమిచ్చిన భూములను అనుమతి లేక కొన్నచో, ఆ కొనుగోలు చెల్లదని కర్ణాటకములో 1978 నాటి చట్టము చెప్పుచున్నది. సొమ్ము పోవుట యటుంచి, బీదవాని భూమిని కాజేయవచ్చినవాడను పేరు మొదటి దినముననే వచ్చును. ఆ పేరు ఎన్ని పంటలు పండించినను తీరదు.

మూడవది పిల్లల భవిష్యత్తు. రాజ్యాంగమున 371-జె అను అధికరణము చేర్చబడినది మొదలు, ఆ ప్రాంతపు చదువులలోను కొలువులలోను జననముచేతనో స్థిరనివాసముచేతనో స్థానికులైన వారికి కొంతభాగము ప్రత్యేకింపబడుచున్నది. మన పిల్లవాడు ఎచ్చటి స్థానికుడు కాగలడో పోకముందే విచారించవలయును. ఇచ్చట పేరు పోయి, అచ్చట పేరు రాక, నడుమ నిలిచిపోయిన పిల్లల బ్రతుకు కష్టము.

నాలుగవది కలసిమెలసి యుండుట. మనవారు క్యాంపులను ఊరికి దూరముగా, తమ పొలములలో, తమ గుడితో, తమ వంటతో కట్టుకొనిరి. తోడు కొరకు అది సహజమే. కాని ఊరివాడు దానిని చూచి, వీరు మన నీటికొరకు వచ్చిరే గాని మనకొరకు రాలేదనుకొనెను. కూలికి స్థానికులనే పిలిచి న్యాయముగా కూలి యిచ్చుట, వారి పెండ్లికి చావుకు పోవుట, జొన్నరొట్టెను ఎగతాళి చేయక తినుట, ఇవన్నియు ఖర్చులేని పనులు. కొప్పళమున గవిసిద్ధేశ్వర మఠపు జాతరకు ఊరూరనుండి జొన్నరొట్టెలు బండ్లపై పోవును. ఆ బండిలో మన యింటి రొట్టెలును పదియుండిన, పది ఉపన్యాసములు చేయలేని పని అవి చేయును.

భాష వేరగుటచేతనే ఈ చిక్కులని, తెలుగునాటిలో నైన భయములేదని తలచరాదు. నిజామాబాదు సీమకు పోయినవారు తెలుగువారి నడుమకే పోయిరి. అయినను ముల్కీ, నాన్ముల్కీ యను మాట అచ్చట 1919నాటి ఫర్మానానుండి యున్నది. మీ యాస వేరు, మీ యాస మోటు అని వచ్చినవారు నవ్విన నవ్వు, 1969 ఉద్యమకాలమున కోపముగా తిరిగివచ్చినది. 2014 జూను 2న రాష్ట్రములు రెండైనవి. మరి నీరైనను నిలిచెనా? మంజీరపై ఎగువను సింగూరు జలాశయము కట్టి హైదరాబాదునకు త్రాగునీరు కొనిపోగా, నిజాంసాగరమునకు రాక తగ్గెను. బోధను చక్కెర కర్మాగారము 2015లో మూతపడెను. అట్టి కాలమున అచ్చట నిలువగలిగినవారు, ఊరిలో తమకొక మాటసాయము సంపాదించుకొన్నవారే.

కావున పెద్దలు పిల్లవానిని కాదనవలయునని నేననను. పోయి బాగుపడినవారును, అచ్చటివారై పోయినవారును చాలమంది కలరు. కాని బయానా యిచ్చుటకు ముందు ఒకపని చేయింపుడు. పంట పచ్చగా నున్న కార్తికమాసమున భూమి చూచి వచ్చినవాని మాట నమ్మకుడు. కాలువ ఎండిన వైశాఖమున వానిని మరల పంపుడు. పది దినములు అచ్చట ఉండుమనుడు. అమ్మువానితోను మధ్యవర్తితోను గాక, అదే కాలువ శివారున నున్న రైతుతో కూర్చుండి మాటాడి రమ్మనుడు. ఆ రైతు ఎగువవారిని గూర్చి చెప్పిన మాటలు విన్న పిమ్మటను, అచ్చట న్యాయముగా బ్రతుకగలనని మనవాడు చెప్పగలిగినచో, అప్పుడు సంతోషముగా సంతకము చేయవచ్చును.

సెలవు.