ఫలం ఎవరిది? భారం ఎవరిది?

(నూతన సాంకేతిక విజ్ఞానంపై విద్యార్థుల చర్చాగోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)

సాంకేతిక విజ్ఞానం వరమా, శాపమా అన్న విషయంపై మన పాఠశాలల్లోను, కళాశాలల్లోను ఏటా చర్చలు జరుగుతూనే ఉంటాయి. ఒక పక్షం వారు దానిని ఆకాశానికెత్తుతారు. రెండవ పక్షం వారు సకల అనర్థాలకు అదే మూలమంటారు. గంట మోగగానే సభ ముగుస్తుంది. జాతి జీవితంలో మాత్రం ఈ చర్చ అంత సులభంగా ముగియదు. ఏ కొత్త పద్ధతి అయినా కొందరికి ఫలాన్నిస్తుంది, కొందరిపై భారాన్ని మోపుతుంది. ఆ ఫలాన్ని అనుభవించేవారూ, ఆ భారాన్ని మోసేవారూ ఒక్కరేనా అన్నదే అసలు ప్రశ్న.

గాంధీజీ యంత్రాలన్నింటికీ విరోధి అని భావించడం పొరపాటు. కుట్టుమిషనును ఆయన మెచ్చుకొన్నారు. మెరుగైన రాట్నాన్ని రూపొందించినవారికి లక్ష రూపాయల బహుమానం ఇస్తామని అఖిల భారత చరఖా సంఘం 1929లో ప్రకటించింది. యంత్రం మనిషికి సేవ చేయాలే గాని మనిషి చేతులను ఖాళీ చేయరాదన్నది ఆయన ఆశయం.

ఈ ప్రశ్నకు మన దేశ చరిత్రలోనే చక్కని ఉదాహరణ ఉన్నది. అది హరిత విప్లవం.

1965, 1966 సంవత్సరాలలో వరుసగా అనావృష్టి సంభవించింది. 1966లో సుమారు కోటి టన్నుల ఆహారధాన్యాలను దిగుమతి చేసుకోవలసి వచ్చింది. రేవుకు ఓడ చేరితేగాని పట్టణాలలో రేషను అందని రోజులవి. పొడవుగా పెరిగే దేశవాళీ గోధుమకు ఎరువు అధికంగా వేస్తే, కంకి బరువుకు మొక్క నేలకొరిగేది. మెక్సికోలో నార్మన్ బోర్లాగ్ రూపొందించిన పొట్టి వంగడాలకు ఆ బలహీనత లేదు. 1966లో 18,000 టన్నుల విత్తనాన్ని అక్కడి నుంచి తెప్పించారు. 1964-65లో సుమారు 1.23 కోట్ల టన్నులు పండిన గోధుమ 1970-71 నాటికి 2.38 కోట్ల టన్నులకు పెరిగింది. వరిలో ఐ.ఆర్.-8 వంగడం ఇటువంటి మార్పునే తెచ్చింది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు 1967లో దానిని సాగుచేసి తోటి రైతులకు మార్గదర్శకులయ్యారు.

ఈ విజయోత్సాహం వెల్లివిరుస్తున్న సమయంలోనే ఒక హెచ్చరిక వినిపించింది. 1968 జనవరిలో వారణాసిలో జరిగిన భారత సైన్సు కాంగ్రెసులో డాక్టర్ ఎం.ఎస్. స్వామినాథన్ ప్రసంగిస్తూ, భూసారాన్ని కాపాడకుండా సాగును తీవ్రతరం చేసినా, భూగర్భజలాన్ని విచక్షణ లేకుండా తోడినా, పురుగుమందులను ఇష్టానుసారం చల్లినా, అనేక స్థానిక వంగడాల స్థానంలో ఒకటి రెండింటినే నిలిపినా విపత్తు తప్పదని స్పష్టం చేశారు. పొట్టి గోధుమను మన పొలాలకు తెచ్చిన శాస్త్రజ్ఞుడే ఆ మాట అన్నారు. సాంకేతిక విజ్ఞానాన్ని సమర్థించడమూ, దాని దోషాన్ని ఎత్తిచూపడమూ పరస్పర విరుద్ధాలు కావని దీనివల్ల తెలుస్తున్నది.

తరువాత జరిగిన కథ పంజాబ్ నేలమీద కనబడుతుంది. పంజాబీల ముఖ్యాహారం గోధుమ. అయినా వారు పండించే వరి ధాన్యం ఇతర రాష్ట్రాల చౌకధరల దుకాణాలకు చేరుతున్నది. దేశం అన్నం తిన్నది; నీటి మట్టం మాత్రం పంజాబ్‌లో పడిపోయింది. మండుటెండలో నీరు వృథా కాకుండా, జూన్ 10కి ముందు నాట్లు వేయరాదని పంజాబ్ 2009లో చట్టం చేసింది. నాట్లు ఆలస్యమైతే కోతలూ ఆలస్యమే. వరి కోతకూ గోధుమ విత్తడానికీ నడుమ వ్యవధి తగ్గింది; రైతు వరి కొయ్యకాళ్లను తగులబెట్టక తప్పని స్థితి మరింత తీవ్రమైంది. ఆ పొగ ఢిల్లీ దాకా వ్యాపించింది. ఒక లోపాన్ని సరిదిద్దబోతే మరొకటి తలెత్తడం ఇలాగే. ఇక్కడ రైతును నిందించి ఊరుకొనడం న్యాయం కాదు. ఫలాన్ని దేశమంతా పంచుకొన్నప్పుడు భారాన్ని కూడా దేశమంతా పంచుకోవాలి. జాతీయ సమైక్యత అంటే ఇదే.

నేటి నూతన ఆవిష్కరణలను కూడా ఈ తూనికతోనే తూచాలి. వేలిముద్రతో గుర్తింపు సులభమైంది; కాని కూలి పనిలో వేలిముద్రలు అరిగిపోయిన వృద్ధురాలిని యంత్రం గుర్తించకపోతే ఆమె బియ్యానికి పూచీ ఎవరిది? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పింది. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది. కృత్రిమ మేధ ప్రధానంగా లిఖిత సామగ్రి నుంచి భాషను నేర్చుకొంటుంది. అచ్చులో విస్తారమైన సాహిత్యం గల భాషలకు అది త్వరగా అందుతుంది. గోండి, కోయ, సవర భాషలు మాట్లాడేవారి వంతు ఎప్పుడు వస్తుంది?

కనుక రేపు చర్చావేదిక ఎక్కే యువకులు ఏ పక్షాన నిలిచినా సరే, మూడు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. దీని ఫలం ఎవరికి చేరుతున్నది? భారం ఎవరిపై పడుతున్నది? పొరపాటు జరిగితే దిద్దుకొనే మార్గం ఉన్నదా? ఈ మూడింటికీ సమాధానం వెదికిన తరువాతనే వరమన్నా, శాపమన్నా ఆ మాటకు విలువ ఉంటుంది.